పాత పాట, కొత్త వెర్షన్



దసరా దగ్గర పడుతున్నదంటే బల్మూర్, అచ్చంపేట, లింగాల వైపు పాటలు చేసే కుర్రాళ్లకు చేతినిండా పని. వాళ్ల స్టూడియో అంటే పెద్ద భవనమేమీ కాదు. మిద్దె మీద ఒక గది, కిటికీకి మందపాటి దుప్పటి, గోడలకు ఫోమ్ ముక్కలు, ఒక కంప్యూటర్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, స్టాండుకు ఒక కండెన్సర్ మైకు. బతుకమ్మ పాటలు, బోనాల పాటలు, సలేశ్వరం జాతరకు శివుని పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, పెళ్లి బరాత్‌కు డీజే పాటలు, అన్నీ అలాంటి గదుల్లోనే తయారవుతున్నాయి. నిరుటి పాట నలుగురికీ నచ్చితే ఈ ఏడు దానికే ఇంకో చరణం కలుపుతారు, కోరస్ మారుస్తారు, డప్పు కాస్త పెంచుతారు. అందుకు పాత ప్రాజెక్టు మళ్లీ తెరవాలి. ఈలోగా సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చి ఉంటుంది. ఒక్కోసారి కంప్యూటరే మారిపోయి ఉంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక ఈ మార్పు చాలామందికి తప్పనిసరి అయింది.

తెరిచి ప్లే నొక్కగానే వచ్చే మాట ఒకటుంది. "నిరుడు ఇట్ల లేకుండె గదన్నా, పాట పల్చగైంది." పక్కనున్నాయన, "ఏం మారలే, అంతా నీ చెవుల భ్రమ" అంటాడు. మూడో ఆయన, "కొత్త వెర్షన్ ఇంజనే వేరు, సౌండ్ వేరే వస్తది" అని తీర్పు చెప్తాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటుంది. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఇది కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ల గొడవేనని కొట్టిపారేయడానికి లేదు. పక్కనే లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెర కళకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. అంతకు కొన్ని నెలల ముందు, 2021 సెప్టెంబరులో వచ్చిన భీమ్లా నాయక్ టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. తెలకపల్లి మండలం గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న గారికి వల్లంకి తాళం కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఇలాంటి పాటగాళ్లున్న జిల్లాలో, రికార్డు చేసిన పాటను ఎలా దాచుకుంటున్నామన్నది చిన్న విషయం కాదు.

ముందుగా ప్రాజెక్టు ఫైలు అంటే ఏమిటో చూద్దాం. ఎఫ్‌ఎల్ స్టూడియో అయినా, క్యూబేస్ అయినా, ప్రో టూల్స్ అయినా, ఏబుల్టన్ లైవ్ అయినా, పని ముగించి సేవ్ కొట్టినప్పుడు తయారయ్యే ఫైలులో మామూలుగా పాట ఉండదు. ఏ రికార్డింగు ఎన్నో సెకనులో మొదలవ్వాలి, ఏ ఫేడర్ ఎంత పైకుండాలి, ఏ ట్రాక్ మీద ఏ ప్లగిన్ ఉంది, దాని మరలు ఏ అంకె దగ్గరున్నాయి, కీబోర్డు వాయిద్యం ఏ స్వరాలు పలకాలి, ఇవన్నీ రాసిపెట్టిన జాబితా మాత్రమే ఉంటుంది. మనం రికార్డు చేసిన గొంతు, డప్పు వేరే ఫోల్డరులో వేవ్ ఫైళ్లుగా పడి ఉంటాయి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ లెక్కన ఒక్క మోనో ట్రాక్‌కే నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ అవుతుంది. అందుకే ఆ ఫోల్డరు అంత బరువు, ప్రాజెక్టు ఫైలు అంత తేలిక.

చిరుతల రామాయణం ఆడే ఊళ్లవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆట పుస్తకం భద్రంగా ఉన్నంత మాత్రాన ఆట ఉన్నట్టు కాదు. ప్రతిసారీ గురువు రావాలి, హార్మోనియం రావాలి, మద్దెల రావాలి, వేషగాళ్లు రావాలి. పుస్తకంలో ఒక్క అక్షరం మారకపోయినా, మద్దెల వాయించే మనిషి మారితే ఆ రాత్రి ఆట నడక మారుతుంది. ప్రాజెక్టు తెరిచి ప్లే నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ మేళాన్ని మళ్లీ కట్టి ఆడిస్తుంది. కాబట్టి మేళంలో ఎవరు మారారన్నది అసలు ప్రశ్న.

మారనిదాని సంగతి మొదట చెప్పుకుందాం. "ఇంజన్ మారింది" అన్న మాట అందరి నోటా వినిపిస్తుంది. ఇంజన్ చేసే పనేమిటి? డిజిటల్ శబ్దమంటే అంకెల వరస. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 అంకెలు. మిక్సింగ్ అంటే ఆ అంకెలను ఫేడర్ విలువతో గుణించి, అన్ని ట్రాకులనూ కూడటం. ఈ గుణకారం, కూడిక ఏ వెర్షనులోనైనా ఒక్కటే. కూడికలో చివరి అంకెను సవరించేటప్పుడు మాత్రం అతి స్వల్పమైన తేడా వస్తుంది. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో ఆ తేడా అసలు శబ్దం కంటే సుమారు 144 డెసిబెళ్లు కింద ఉంటుంది. పాత సీడీలో 16 బిట్ల శబ్దం మొత్తం విస్తారమే 96 డెసిబెళ్లు. 2017లో వచ్చిన క్యూబేస్ 9.5లో 64 బిట్ల లెక్కను ఎంచుకునే వీలు కల్పించారు. లెక్క ఇంకా నిక్కచ్చి అయింది, సందేహం లేదు. కానీ అంతకుముందున్న తప్పే ఏ స్పీకరులోనూ, ఏ మనిషి చెవికీ అందనిది. ఆ సవరణ వల్ల బతుకమ్మ పాట పల్చబడటం జరిగే పని కాదు. పాట మారిందంటే కారణం వేరే చోట వెతకాలి.

వెతకాల్సిన మొదటి చోటు ప్లగిన్లు. గొంతుకు వేసిన రివర్బ్, డప్పుకు వేసిన కంప్రెసర్, ఫ్లూట్ పలికించే సాంపిల్ లైబ్రరీ, ఇవి చాలామటుకు సాఫ్ట్‌వేర్ కంపెనీవి కావు, బయటివాళ్లు తయారు చేసినవి. వాటి పుట్టుక వేరు, ఆయుష్షు వేరు. 2013లో ప్రో టూల్స్ 11 వచ్చినప్పుడు అంతదాకా వాడిన ఆర్‌టీఏఎస్ ప్లగిన్లు అందులో పనిచేయడం మానేశాయి, కొత్తగా ఏఏఎక్స్ రకం కావాల్సి వచ్చింది. 2019లో మ్యాక్ కంప్యూటర్లకు క్యాటలీనా వచ్చాక 32 బిట్ల ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి. వీఎస్‌టీ ప్లగిన్ల పద్ధతిని 1996లో తెచ్చిన స్టైన్‌బర్గ్ కంపెనీయే, వీఎస్‌టీ 2కు తన ప్రోగ్రాముల్లో మద్దతు రెండేళ్లలో ఆపేస్తామని 2022 జనవరిలో ప్రకటించింది. ప్లగిన్ దొరకనప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. మనం తొందరలో ఓకే కొట్టేస్తాం. ఆ ట్రాకు పచ్చిగా, ఏ మెరుగూ లేకుండా మోగుతుంది. పల్చబడిందన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే. డబ్బు కట్టకుండా ఎవరో పెన్ డ్రైవులో ఇచ్చిన క్రాక్ ప్లగిన్లయితే కొత్త కంప్యూటరులో ఎక్కుతాయన్న నమ్మకం అసలే లేదు. ఎక్కినా అదే వెర్షన్ దొరకదు.

రెండోది, సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చే సొంత పరికరాలు. కంపెనీలు వీటిని మెరుగుపరుస్తుంటాయి. ఇక్కడ ఏబుల్టన్ వాళ్ల పద్ధతి గమనించదగ్గది. 2013లో లైవ్ 9 వచ్చినప్పుడు కంప్రెసర్ వంటి కొన్ని పరికరాల లోపలి లెక్క మార్చారు. పాత వెర్షనులో చేసిన పాట తెరిస్తే పాత లెక్కనే ఉంచి, పరికరం నెత్తి మీద 'అప్‌గ్రేడ్' అని ఒక చిన్న మీట చూపిస్తారు. నొక్కేదాకా పాట మారదు, నొక్కితే మారవచ్చని వాళ్ల మాన్యువల్లోనే రాసి ఉంది. అంటే మార్పు ఉంటుందని తయారీదారే ఒప్పుకున్నట్టు, నిర్ణయం మాత్రం మనకే వదిలేసినట్టు. ఆ మీట కనిపించగానే కొత్తది మంచిదేలే అని నొక్కేవాళ్లు, తర్వాత పాట మారిందని కంపెనీని తిట్టుకుని లాభం లేదు.

మూడోది కాలాన్ని సాగదీసే లెక్క. పాట వేగం 96 నుంచి 100కు పెంచి, శ్రుతి మాత్రం అలాగే ఉంచమంటాం. కంప్యూటర్ గొంతును సన్న ముక్కలుగా కోసి, కొన్ని తీసేసి, మిగిలినవాటిని అతుకుతుంది. ఆ కోత, అతుకు ఎలా ఉండాలన్నదానికి ఒక్కో కంపెనీ ఒక్కో సూత్రం వాడుతుంది. సూత్రం మారితే ఫలితం వినిపిస్తుంది. ఏ వాయిద్యానికి ఎక్కువ వినిపిస్తుందో ఆలోచించండి. కీబోర్డు స్వరం నిటారుగా నిలబడి ఉంటుంది కాబట్టి దానికి పెద్ద నష్టం లేదు. కిన్నెర అలా కాదు. తీగను మీటగానే ఒక పదునైన దెబ్బ, వెంటనే ఎండిన సొరకాయ బుర్రల్లోంచి లేచే గుమ్మటపు నాదం, ఆ పైన ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారే స్వరం. సాగదీసే లెక్క ఆ మొదటి దెబ్బనే మొద్దుబారుస్తుంది. డప్పు మీద సన్నపుల్ల దెబ్బకూ ఇదే గతి. గొంతులో మన పల్లె విరుపు ఉంటే, అది కూడా అతుకుల మధ్య నలుగుతుంది. పాత వెర్షనులో ఒక రకంగా నలిగింది, కొత్తదాంట్లో ఇంకో రకంగా నలుగుతుంది. నలగకుండా ఉండాలంటే ఉపాయం ఒకటే. వేగం ముందే తేల్చుకుని, ఆ వేగానికే పాడించి, వాయించి రికార్డు చేయాలి.

నాలుగోది ఎవరూ చూడని సెట్టింగులు. పాన్ లా అని ఒకటుంది. ఒక గొంతు మధ్యలో ఉంటే రెండు స్పీకర్లలోంచీ వస్తుంది, పక్కకు తోస్తే ఒకదాంట్లోంచే వస్తుంది. మధ్యలో ఉన్నప్పుడు ఎక్కువ మోగకుండా సాఫ్ట్‌వేర్ దాన్ని కొంత తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్నది సాఫ్ట్‌వేరును బట్టి, సెట్టింగును బట్టి మారుతుంది. ప్రో టూల్సులో చాలాకాలం అది 2.5 డెసిబెళ్లు. 2010లో వచ్చిన వెర్షన్ 9 నుంచి 2.5, 3, 4.5, 6 అని ఎంచుకునే వీలొచ్చింది. పాత ట్రాకులను కొత్త సెషనులోకి తెచ్చుకున్నప్పుడు ఈ లెక్క 2.5 నుంచి 3కు మారిపోతే, మధ్యలో ఉన్న గొంతూ డప్పూ అర డెసిబెల్ కిందికి దిగి, పక్కలనున్న కోరస్, షేకర్లు అంతమేర పైకొచ్చినట్టు వినిపిస్తాయి. "గొంతు వెనక్కి పోయింది" అన్నవాడి చెవి అప్పుడు అబద్ధం చెప్పలేదు.

ఆలస్యం సర్దుబాటు కూడా ఇలాంటిదే. కొన్ని ప్లగిన్లు శబ్దాన్ని కాసేపు పట్టుకుని గానీ వదలవు. డప్పు ట్రాకుకు ఒక నకలు తీసి, దాని మీద అలాంటి ప్లగిన్ వేసి, రెండూ కలిపి మోగించామనుకోండి. నకలు ఒక్క మిల్లీ సెకను వెనకబడినా 500 హెర్ట్జ్ దగ్గర రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, డప్పు డొల్లగా వినిపిస్తుంది. ఈ ఆలస్యాన్ని తనంతట తానే సరిచేసే సదుపాయం ప్రో టూల్స్ ఎల్‌ఈ వాడినవాళ్లకు ఉండేది కాదు, వెర్షన్ 9తో వచ్చింది. అప్పుడు పాత సెషన్ తెరిచి ఆ సదుపాయం వేసుకుంటే డొల్లతనం పోతుంది. మంచిదే, కానీ విడుదల చేసిన పాట లాగా మాత్రం ఉండదు.

సాంపిల్ రేటు తేడా వస్తే ఎవరికైనా తెలుస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగును మార్పిడి చేయకుండా 48 కిలోహెర్ట్జ్‌లో మోగిస్తే, 4 నిమిషాల పాట దాదాపు 20 సెకన్లు ముందే అయిపోతుంది, శ్రుతి కీబోర్డు మీద ఒకటిన్నర మెట్టు పైకి లేస్తుంది. పాడినామె గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది. కొత్త ఇంటర్‌ఫేస్ కొన్న రోజున ఇది ముందు చూసుకోవాలి.

ఇక చెవి సంగతి. రెండోసారి విన్నప్పుడు వాల్యూమ్ కొంచెం ఎక్కువుంటే పాట బాగున్నట్టు, తక్కువుంటే పల్చబడ్డట్టు తోస్తుంది. శబ్దం తగ్గినకొద్దీ కింది స్వరాలు చెవికి ఎక్కువ తగ్గుతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అదీకాక డబ్బు పెట్టి కొన్న వెర్షన్ బాగుండాలన్న ఆశ ఒకటి, మారినదేదైనా చెడగొడుతుందన్న అనుమానం ఒకటి. ఈ రెండూ పెట్టుకుని వింటే వాదన తెగదు. అందుకు తూకం ఉంది, దాన్ని నల్ టెస్ట్ అంటారు. ఏ సాఫ్ట్‌వేరులోనైనా చేయవచ్చు.

పాత వెర్షనులో ఆ పాటను 24 బిట్ల వేవ్ ఫైలుగా తీయండి. డిథర్, అంటే ఫైలు తీసేటప్పుడు సన్నని హోరు కలిపే ఎంపిక, ఆపేయండి. అదే ప్రాజెక్టును కొత్త వెర్షనులో తెరిచి అలాగే ఇంకో ఫైలు తీయండి. ఇప్పుడు ఖాళీ ప్రాజెక్టులో రెండు ఫైళ్లనూ రెండు ట్రాకుల మీద, సున్నా దగ్గర మొదలయ్యేలా పెట్టండి. ఫేడర్లు కదపొద్దు. ఒక ట్రాకుకు ఫేజ్ తిప్పే మీట నొక్కి ప్లే చేయండి. తిప్పినప్పుడు ఒకదాని అంకెలు ప్లస్ అయితే రెండోదానివి మైనస్. రెండూ అచ్చంగా ఒకటే అయితే కూడిక సున్నా, ఏమీ వినిపించదు, మీటర్ కూడా కదలదు. ఈ తూకం ఎంత సున్నితమంటే, మొత్తం శబ్దంలో 0.1 డెసిబెల్ తేడా ఉన్నా, పాట 39 డెసిబెళ్లు కింద సన్నగా మోగుతూనే ఉంటుంది. అలా సన్నని పాట మొత్తం వినిపిస్తే స్థాయి తేడా అని అర్థం. తాళాల జల్లు మాత్రమే మిగిలితే ఎక్కడో అతి కొద్ది ఆలస్యముందన్న అనుమానం. ఒక్క ఫ్లూటే మిగిలితే దోషి ఫ్లూట్ ప్లగిన్.

అంతకు ముందు ఇంకో పని చేయాలి. పాత వెర్షనులోనే ఒకే పాటను రెండుసార్లు తీసి, ఆ రెంటినీ ఇలాగే తూచండి. చాలా ప్రాజెక్టుల్లో అవే ఒకదానికొకటి సరిపోవు. ఎందుకంటే కొన్ని సింథసైజర్లు ప్రతిసారీ అలను వేరే చోట మొదలుపెడతాయి. కొన్ని సాంపిల్ డ్రమ్ములు ఒకే దెబ్బకు నాలుగైదు రికార్డింగులు పెట్టుకుని వంతులవారీగా మోగిస్తాయి. కొన్ని రివర్బులు లోపల కదులుతూనే ఉంటాయి. పాత వెర్షన్ తనతో తానే సరిపోనప్పుడు, కొత్తదానితో సరిపోలేదని నింద వేయడం న్యాయం కాదు.

పాతకాలం టేపులే నయం, అవి మారేవి కావు అనేవాళ్లున్నారు. అదీ పూర్తి నిజం కాదు. బ్యాటరీ నీరసించిన టేపు రికార్డరులో పాట ఎలా సాగేదో మీలో చాలామందికి గుర్తే. హెడ్ కాస్త వంకరగా ఉంటే పై స్వరాలన్నీ మూగబోయేవి. అయినా టేపులోనూ ఫిల్మ్‌లోనూ ఒక సుగుణం ఉంది. వాటి మీద శబ్దమే ఉంటుంది, శబ్దాన్ని ఎలా తయారు చేయాలో చెప్పే జాబితా కాదు. 1957లో వచ్చిన మాయాబజార్‌ను 2010లో రంగుల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు, దాని శబ్దాన్ని కూడా డీటీఎస్‌కు మార్చారు. 53 ఏళ్ల తర్వాత అది సాధ్యమైందంటే ఆ శబ్దం మిగిలి ఉండటం వల్లనే. మన గదుల్లో పదిహేనేళ్ల కిందట చేసిన ప్రాజెక్టు ఈరోజు కంప్యూటరులో అన్ని ప్లగిన్లతో సహా తెరుచుకుంటుందా? నూటికి తొంభై మంది తెరవలేమనే అంటారు. పాట ఉన్నదనుకుని మనం దాచుకున్నది జాబితా మాత్రమే.

కాబట్టి వెర్షన్ మార్చే ముందు చేయాల్సిన పనులు చెబుతాను. ఒకటి, ప్రతి ట్రాకునూ, దాని ప్లగిన్లతో సహా, విడివిడి వేవ్ ఫైలుగా తీయండి. వీటినే స్టెమ్స్ అంటారు. అన్నీ పాట సున్నా సెకను దగ్గరే మొదలవ్వాలి. గొంతు రెండో నిమిషంలో మొదలైనా సరే, ముందున్న నిశ్శబ్దంతో సహా తీయాలి. అప్పుడు రేపు ఏ సాఫ్ట్‌వేరులో పడేసినా అవి వాటి స్థానంలో కూర్చుంటాయి. రెండు, ప్లగిన్లు లేని పచ్చి రికార్డింగులను కూడా అలాగే తీయండి. ముఖ్యంగా గొంతు, కిన్నెర, డప్పు. రేపు ఇంతకంటే మంచి రివర్బ్ రావచ్చు, దానికి పచ్చి గొంతే కావాలి. మూడు, కీబోర్డు స్వరాలను మిడి ఫైలుగా ఎగుమతి చేయండి. నాలుగు, ఒక టెక్స్ట్ ఫైలులో పాట వేగం, శ్రుతి, సాంపిల్ రేటు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, పాడినవాళ్ల, వాయించినవాళ్ల, రాసినవాళ్ల పేర్లు రాసి అదే ఫోల్డరులో పెట్టండి. పేర్లు రాయకపోవడం మన దగ్గర పెద్ద లోపం.

ప్రాజెక్టు మొత్తాన్ని దాని ఆడియోతో కలిపి ఒకేచోటికి చేర్చే ఆదేశం ప్రతి సాఫ్ట్‌వేరులోనూ ఉంది. ఎఫ్‌ఎల్ స్టూడియోలో జిప్డ్ లూప్ ప్యాకేజ్, క్యూబేసులో బ్యాకప్ ప్రాజెక్ట్, లైవ్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్, ప్రో టూల్సులో సేవ్ కాపీ ఇన్. అది వాడి, వేర్వేరు చోట్ల ఉంచే రెండు హార్డ్ డిస్కుల మీద పెట్టండి. ఎఫ్‌ఎల్ స్టూడియో కొన్నవాళ్లకు కొత్త వెర్షన్లు జీవితాంతం ఉచితం కాబట్టి మార్చడం తరచుగా జరుగుతుంది. పెద్ద వెర్షన్లను పక్కపక్కనే ఉంచుకునే వీలూ ఉంది. కొత్తది వేసినా పాతది తీసేయకండి. పాత ప్రాజెక్టు కొత్తదాంట్లో తెరిస్తే వేరే పేరుతో సేవ్ చేయండి. కొత్త వెర్షనులో సేవ్ చేసినది పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు. పండుగ ఇంకో వారం ఉందనగా మాత్రం ఏ అప్‌డేటూ ముట్టుకోకండి.

అప్‌గ్రేడ్ చేయొద్దని నేననడం లేదు. కొత్త వెర్షన్లు పని వేగం పెంచుతాయి, పాత తప్పులు సరిచేస్తాయి. ఇంజన్ గురించి బెంగ అక్కర్లేదు. ప్లగిన్లు, సాగదీత, సెట్టింగులు మాత్రం చూసుకోవాలి. నల్ టెస్టులో తేడా తేలితే, పాతది మంచిదా కొత్తది మంచిదా అన్నది మళ్లీ మీ చెవే చెప్పాలి, ఈసారి వాల్యూమ్ సమానం చేసుకుని. పచ్చి రికార్డింగు మీ దగ్గరుంటే ఎటు తేలినా నష్టం లేదు. అది లేకుండా ప్రాజెక్టు ఫైలే మిగిలితే, పాట మీద చివరి మాట మీది కాదు, ప్లగిన్ అమ్మిన కంపెనీది.

ఈ దసరాకు కొత్త పాట మొదలుపెట్టే ముందు నిరుటి పాట స్టెమ్స్ తీసి పెట్టండి. ఒక రాత్రి కూర్చుంటే అయ్యే పని.